ఉమ్మడి గోడ

పరిమళ గది చల్లబడిందన్న సంగతి సందులో అందరికంటే ముందు పిల్లికి తెలిసింది. బెజవాడ వన్‌టౌన్‌లో మే నెల ఎండంటే మాటలా! కొండ రోజంతా కాగి కాగి, ఆ సెగంతా తెచ్చి సందుల్లో కుమ్మరిస్తుంది. అలాంటి ఎండలో, ఎవరింటిదో తెలియని ఒక బూడిదరంగు పిల్లి మిట్టమధ్యాహ్నం వచ్చి పరిమళ గదిలో గోడవారన కాళ్ళు బారజాపుకుని పడుకుంది. ఏసీ లేదు, కూలర్ లేదు, ఫ్యాను కూడా తిరగడం లేదు. మర్నాటికి పిల్లి వెనకాలే సందులోని ఆడవాళ్ళూ వచ్చేశారు.

"ఏం మంత్రం వేశావే తల్లీ!" అంటూ ముందుగా చాప పరుచుకుని కూర్చున్నది పక్కింటి మాణిక్యమ్మ.

మాణిక్యమ్మకీ పరిమళకీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. పాతకాలం ఇళ్ళు అవి, సందు పొడుగునా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పరిమళ కాపురానికొచ్చిన నాటి నుంచీ వాళ్ళిద్దరికీ ఒక అలవాటుంది. కరివేపాకు కావాలన్నా, కాఫీపొడి నిండుకున్నా, ఊరికే ఊసుపోకపోయినా మాణిక్యమ్మ గరిటె కాడతో గోడ మీద టకటకా కొడుతుంది. పరిమళ ఇటు నుంచి కొడుతుంది. ఇద్దరూ వాకిట్లోకొస్తారు. చేతిలోకి ఫోన్లొచ్చినా ఆ గరిటె మోత మాత్రం మానలేదు.

"మంత్రం కాదు పిన్నిగారూ, పొర," అంది పరిమళ. నాలుగు గోడలకీ వెండి రేకులా ఏదో అతికించి ఉంది. ఆమె యూనివర్సిటీలో పదార్థ విజ్ఞానం చెబుతుంది, పరిశోధన చేస్తుంది. ఆ పొర ఆమె చేతి పనే.

"పొరో తెరో, నీ కడుపు చల్లగా! మా ఇల్లయితే కొలిమే అనుకో. పురిటిగది కదా, కిటికీలు తీయడానికి లేదాయె. ఝాన్సీ పాపం ఉడికిపోతోంది. కాసేపు నీ నీడన కూర్చుని పోతానమ్మా."

ఝాన్సీ ఆవిడ కూతురు. ఏలూరు నుంచి పురిటికి పుట్టింటికొచ్చింది. మగపిల్లాడు. ఇంకా పేరు కూడా పెట్టలేదు. ఉమ్మడి గోడకి అవతలున్న గదిలోనే తల్లీ బిడ్డా ఉన్నారు. చెవుల్లో దూది, తలకి గుడ్డ, పొద్దునా సాయంత్రం సాంబ్రాణి పొగ. బాలింతకి గాలి తగలకూడదు, గది వెచ్చగా ఉండాలి. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలందరికీ అలాగే జరిగింది. అందుకే గది వెచ్చనైతే ఎవరికీ అనుమానం రాలేదు. వెచ్చగా ఉంటేనే మంచిదనుకున్నారు.

పొర పుట్టింది ఊరవతల, యూనివర్సిటీ ప్రయోగశాలలో. అక్కడ పరిమళ దగ్గర పనిచేసే శశిరేఖ అనే అమ్మాయి రెండు అట్టపెట్టెలకి పొర అతికించి, ఆచార్య నరహరి గారికి చూపించడానికి లోపల చెరొక వేడి టీ గ్లాసూ పెట్టింది. మొదటి పెట్టెకి పొర సరైన వైపు, రెండో పెట్టెకి తిరగేసి. కాసేపటికి మొదటి గ్లాసు చల్లారి మీగడ కట్టింది. రెండోది పొగలు కక్కుతూనే ఉంది.

"వేడంటే ఏముంది సార్, అణువుల వణుకేగా," అంది పరిమళ, రెండు గ్లాసులూ ఆయన చేతుల్లో పెడుతూ. "పక్కవాడు వణికితే వీడూ వణుకుతాడు, అలా వరస పెట్టి పాకిపోతుంది. ఈ పొరలో అణువుల్ని ఎలా పేర్చామంటే, వణుకు ఇటు నుంచి అటు పోతుంది. అటు నుంచి ఇటు రాలేదు. వేడికి ఒంటిదారి అన్నమాట."

శశిరేఖకి చిలిపితనం ఎక్కువ. రెండు పెట్టెల్లోనూ చెరో ఫోను పెట్టి మోగించింది. మొదటి పెట్టెలోది ఖణేల్‌మని గదంతా వినపడింది. తిరగేసిన పెట్టెలోది మోగుతోందన్న జాడే లేదు. "చప్పుడు కూడా వణుకే కదా మేడమ్!" అని నవ్వింది. "ఆటలు తర్వాత, ముందు వేడి సంగతి చూడవమ్మా," అని పరిమళ ఆ ఫోన్లు తీయించేసింది.

నరహరి గారు మాత్రం గ్లాసు వదల్లేదు. ప్రభుత్వం కార్మికుల కోసం కొత్త కాలనీ కడుతోంది, వరసలు వరసలుగా గోడకి గోడ ఆనించిన ఇళ్ళు. ప్రతి ఇంట్లోనూ ఈ పొర వేయిస్తే? కరెంటు ఖర్చు లేకుండా పేదవాడి ఇల్లు చల్లబడుతుందంటే ఇంకేం కావాలి! "ముందు ఒక నిజమైన ఇంట్లో వేసి చూపిద్దాం. ఎవరిల్లు ఇస్తారు?" అన్నారాయన. "మాది" అంది పరిమళ, క్షణం ఆలోచించకుండా.

పెట్టెకి అన్ని వైపులా అతికించినట్టే గదికీ నాలుగు గోడలా అతికించారు. గది అనుకున్న దానికంటే బాగా చల్లబడింది. శశిరేఖ ఒకసారి తల గోక్కుంటూ, "మేడమ్, పెట్టెలో కంటే మీ గదిలో ఎక్కువ చల్లదనం ఎందుకొస్తోందంటారు?" అని అడిగింది. "పాత గోడలు కదా, మందం. అవే పీల్చుకుంటున్నాయి," అంది పరిమళ. ఆ సంతోషంలో ఆ ప్రశ్న ఎటో కొట్టుకుపోయింది. సోమవారం గృహనిర్మాణ శాఖ పెద్దాయన వచ్చి గది చూసిపోతానన్నారు.

ఆ ముందు శనివారం మధ్యాహ్నం పరిమళ గదిలో కూర్చుని పేపర్లు దిద్దుకుంటోంది. పొర వేసిన దగ్గర్నుంచీ సందులో రొద కూడా వినపడక ప్రాణం హాయిగా ఉంది. అంతలో వీధి తలుపు దభీమని తెరుచుకుంది. మాణిక్యమ్మ. జుట్టు ఊడిపోయి ఉంది, చేతిలో గరిటె అలాగే ఉంది.

"గోడ కొట్టి కొట్టి చేతులు పడిపోయాయి, పలకవేంటమ్మా! పిల్లాడు కళ్ళు తేలేస్తున్నాడు!"

పరిమళ చెప్పుల్లేకుండా పరిగెత్తింది. పురిటిగదిలో అడుగు పెడితే పొయ్యి దగ్గర మొహం పెట్టినట్టయింది. ఝాన్సీ చెమటతో తడిసి ముద్దై, ఒళ్ళో పిల్లాడిని కుదుపుతోంది. పిల్లాడి ఒళ్ళు కందగడ్డలా ఉంది. పెదాలు ఎండిపోయాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"కుంపటి పెట్టారా పిన్నిగారూ?" అని అరిచింది పరిమళ. "ఈ ఎండల్లో కుంపటేంటి, బుద్ధి ఉండక్కర్లా?"

"లేదమ్మా, నీ మీదొట్టు, కుంపటి పెట్టలేదు! ఎండలని నేనే వద్దన్నా!"

పిల్లాడిని అందుకోబోతూ పరిమళ గోడకి చెయ్యి ఆనించింది. చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కుంది. అది గోడ కాదు, పెనం. ఆ గోడకి ఇవతల ఎండ పడదు, పొయ్యి లేదు. దానికి అవతల ఉన్నది ఒక్కటే, పరిమళ గది.

ఆ క్షణంలోనే ఆమెకి అంతా తెలిసిపోయింది. పడమటెండకి కప్పులోంచీ కిటికీలోంచీ తన గదిలోకి వచ్చిన వేడంతా ఈ గదిలోకి తోసేస్తోంది పొర. ఇక్కడి నుంచి వెనక్కి రానివ్వదు. రోజురోజుకీ పేరుకుంటోంది. ప్రయోగశాలలో పెట్టెకి అవతల ఎప్పుడూ గాలే ఉండేది. గోడకి అవతల గాలి కాదు, మనుషులుంటారన్న ఊహ అంతంత చదువులు చదివిన బుర్రల్లో ఒక్కదానికీ రాలేదు. సిగ్గుచేటు కాకపోతే ఏమిటిది!

ఆమె ఆ మాట పైకి అనలేదు. "మా గదిలోకి తీసుకురండి, చల్లగా ఉంటుంది," అంది. అవును, అదే అంది. వాళ్ళు తెచ్చారు. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచారు, ఆటో వచ్చేదాకా ఆ చల్లని గోడవారనే ఉంచారు. మాణిక్యమ్మ రెండు చేతులూ జోడించి, "నువ్వు లేకపోతే ఏమయ్యేదమ్మా! నీ గది పుణ్యమా అని..." అంటూ ఏడ్చింది. పరిమళకి నేల చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది.

ఆసుపత్రిలో పిల్లాడికి సెలైన్ ఎక్కించారు. గండం గడిచిందని, రెండు మూడు రోజులుంచాలని చెప్పి డాక్టరమ్మ మాణిక్యమ్మ మీద విరుచుకుపడింది. "కిటికీలు బిగించి, ఫ్యాను ఆపి, పసిగుడ్డుని ఆవిరికి పెడతారా? ఇంకో గంటైతే దక్కేవాడు కాదు, తెలుసా!" చుట్టూ మంచాల వాళ్ళంతా చూస్తున్నారు. కిటికీలు మూసిన మాట నిజమే. మాణిక్యమ్మ తల దించుకుంది.

అప్పటికే ఏలూరు నుంచి అల్లుడు ఫణీంద్ర వచ్చేశాడు. మొహం ఎర్రబడి ఉంది. "కుంపటి కూడా పెట్టారా అత్తయ్యగారూ?"

"లేదు బాబూ. గోడే... గోడే కాలిపోతోంది."

"గోడ కాలుతోందా!" ఎవరో కిసుక్కుమన్నారు. ఫణీంద్ర పరిమళ వైపు తిరిగాడు. "మేడమ్, మీరు చదువుకున్నవారు, సైంటిస్టు. మీరే చెప్పండి. గోడ దానంతటది కాలుతుందా?"

అందరూ తన వైపే చూస్తున్నారు. మాణిక్యమ్మ కూడా, ఎంతో ఆశగా. ఇప్పుడే చెప్పేయాలి. చెప్పేస్తే సోమవారం ఏమవుతుంది? ఇన్నేళ్ళ శ్రమ ఏమవుతుంది?

"గోడలు... వాటంతటవి వేడెక్కవండి," అంది.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఏ పుస్తకంలో వెతికినా అదే రాసి ఉంటుంది. కానీ అంతకంటే పచ్చి అబద్ధం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఆడలేదు.

"విన్నారుగా!" అన్నాడు ఫణీంద్ర. "ఇక మీ సాకడం చాలు. డిశ్చార్జి అవగానే తల్లినీ పిల్లాడినీ ఏలూరు తీసుకుపోతాను. దయచేసి పిల్లాడిని ముట్టుకోకండి." వేడికి మధ్యాహ్నమంతా మగతగా పడున్న ఝాన్సీకి గదిలో కుంపటి ఉందో లేదో కూడా తెలియదు, అడ్డు చెప్పలేదు. తల్లి వైపు చూడనైనా లేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక పరిమళ ఉమ్మడి గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది. గోడ చల్లగా ఉంది. ఆ చల్లదనం వీపుకి తగలగానే ముందుకి జరిగి కూర్చుంది. భర్త వాసుదేవ్ పోస్టాఫీసు నుంచి వచ్చి, లైటు కూడా వేయకుండా ఇలా ఉందేమిటని అడిగాడు.

"పిల్లాడిని ఉడకబెట్టింది నేనండీ," అంది. అంతా చెప్పింది.

వాసుదేవ్ విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకున్నాడు. "పద. ఇప్పుడే వెళ్ళి పిన్నిగారికి చెబుదాం," అన్నాడు.

"సోమవారం దాటనివ్వండి. ఈ గోడ మీది పొర తీస్తే గది చల్లగా ఉండదు, వాళ్ళు వచ్చి చూసేదేమీ ఉండదు. పిల్లాడు ఆసుపత్రిలోనే ఉన్నాడుగా, పిన్నిగారు వసారాలో పడుకుంటున్నారు. వాళ్ళు చూసెళ్ళగానే పీకేస్తాను, అందరికీ చెబుతాను."

"ఈ లోపల ఆవిడ గతేంటి? సందంతా అంటున్నారు, మనవడిని చంపబోయిందని."

"పెద్దావిడ. నాలుగు రోజులు మాటపడితే పోయేదేముందండీ!" అంది పరిమళ విసుగ్గా. అన్నాక తన గొంతు తనకే పరాయిగా వినపడింది. వాసుదేవ్ ఆ రాత్రి భోజనానికి లేవలేదు.

ఆదివారం పొద్దున్నే మాణిక్యమ్మ వచ్చింది. చాప పరిచినా కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"ఒక సంగతి అడుగుతా, నిజం చెప్పాలి. నేను కుంపటి పెట్టి మరిచిపోయానంటావా అమ్మాయ్? పెట్టలేదనే గుర్తు. కానీ అందరూ పెట్టావంటుంటే నా మతి మీద నాకే నమ్మకం పోతోంది. నువ్వు చదువుకున్నదానివి. నువ్వెలా అంటే అలా."

ఇంతకంటే మంచి అదను ఎవరిస్తారు! నోరు తెరిస్తే చాలు. పరిమళ నోరు తెరిచింది. దాంట్లోంచి వచ్చిన మాట ఇది: "వయసు కదా పిన్నిగారూ... ఒక్కోసారి మనం చేసింది మనకే గుర్తుండదు."

మాణిక్యమ్మ ఆమె మొహంలోకి అలా చూస్తూనే ఉంది. "అంతేనంటావా," అంది చివరికి. మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయింది. పరిమళ తలుపేసుకుని స్నానాల గదిలో కూర్చుని, కొళాయి తిప్పి, ఎవరికీ వినపడకుండా ఏడ్చింది. ఏడిస్తే పోయే సిగ్గా అది!

సోమవారం అనుకున్న వేళకే అందరూ వచ్చారు. నరహరి గారు, శశిరేఖ, గృహనిర్మాణ శాఖ పెద్దాయన, ఆయన వెంట ఒక ఫొటోగ్రాఫరు. బయట నుంచి చెమటలు కక్కుతూ గదిలోకి అడుగు పెట్టగానే పెద్దాయన "అబ్బ!" అని కళ్ళు మూసుకున్నారు. మజ్జిగ గ్లాసు పుచ్చుకుని గోడలన్నీ తడిమి చూశారు. "నరహరి గారూ, కాలనీ మొత్తం ఇదే వేసేద్దామండీ. పేదవాళ్ళు మిమ్మల్ని దేవుళ్ళంటారు," అన్నారు.

పరిమళ కిటికీ దగ్గర నిలబడి ఉంది. సందులో ఆటో ఆగింది. ఝాన్సీ, ఫణీంద్ర దిగారు. బట్టలు సర్దుకుని ఏలూరు వెళ్ళిపోవడానికొచ్చారు. అద్దాలు మూసి ఉన్నాయి, గోడలకి పొర ఉంది, అక్కడి మాట ఒక్కటీ వినపడటం లేదు. కానీ కనపడుతోంది. మాణిక్యమ్మ గుమ్మంలోకొచ్చింది. పిల్లాడి మీదకి వంగబోయింది. ఝాన్సీ పిల్లాడిని అవతలి భుజానికి మార్చుకుంది. మాణిక్యమ్మ రెండు చేతులూ పైటకొంగు కింద దాచుకుని పక్కకి తప్పుకుంది, ఆ చేతులు ఏదో మైలపడ్డట్టు.

ఆ దాచుకున్న చేతులు చూశాక పరిమళ ఇక నిలబడలేకపోయింది.

"పరిమళా, సార్‌కి పొర తయారీ గురించి చెప్పు," అంటున్నారు నరహరి గారు. ఆమె అప్పటికే వాకిలి దాటింది.

"ఫణీంద్ర గారూ, ఆగండి!" అంది సందు మధ్యలో నిలబడి. అటూ ఇటూ గుమ్మాల్లోంచి తలలు బయటికొచ్చాయి. "పిన్నిగారు కుంపటి పెట్టలేదు. ఆ గోడని కాల్చింది నేను. మా గదికి వేసిన పొర మా వేడంతా మీ గదిలోకి తోసింది. శనివారం గోడ ముట్టుకున్నప్పుడే నాకు తెలుసు. ఆసుపత్రిలో మీరడిగినప్పుడూ తెలుసు. తెలిసే చెప్పలేదు."

ఫణీంద్రకి ముందు అర్థం కాలేదు. పరిమళ వాళ్ళని పురిటిగదిలోకి తీసుకెళ్ళింది. వెనకాలే నరహరి గారు, పెద్దాయన. "చెయ్యి పెట్టి చూడండి," అంది. ఫణీంద్ర పెట్టి, అమ్మో అని తీసేశాడు. శశిరేఖ కూడా పెట్టి చూసింది. మేడమ్ మొహంలోకి చూడలేక నేల చూపులు చూసింది.

"ఇది సరిచేసుకోవచ్చు పరిమళా, లోపలికి రా, మాట్లాడుకుందాం," అన్నారు నరహరి గారు పళ్ళ బిగువున.

"ఎలా సరిచేస్తాం సార్? ఆ కాలనీలో ఉమ్మడి గోడలు తప్ప ఏమున్నాయి? మొదటింటి సెగ రెండో ఇంటికి, వాళ్ళది ఆ పక్కింటికి. చివరింటివాళ్ళు ఏమైపోతారు?"

పెద్దాయన తన చేతిలో ఇంకా ఉన్న మజ్జిగ గ్లాసుని మాణిక్యమ్మ ఇంటి అరుగు మీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా కారు వైపు నడిచారు. నరహరి గారు ఆయన వెంట పరిగెత్తారు.

ఫణీంద్ర పరిమళని నానా మాటలూ అన్నాడు. అన్నిటికీ ఆమె తల వంచుకునే నిలబడింది. చివరికి అత్తగారి వైపు ఒకసారి చూసి, వెళ్ళి ఆటోని పంపించేశాడు. ఝాన్సీ ఏడుస్తూ వచ్చి పిల్లాడిని తల్లి చేతుల్లో పెట్టింది. మాణిక్యమ్మ కొంగు కింద నుంచి చేతులు తీసింది. పిల్లాడిని గుండెకి అదుముకుని, నుదురు తడిమి చూసింది, పాదాలు తడిమి చూసింది.

పరిమళ ఆవిడ కాళ్ళ మీద పడబోయింది. మాణిక్యమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాకు తెలుసమ్మా," అంది నెమ్మదిగా, పిల్లాడి నిద్ర చెడకుండా. "ఆ పొర వేశాక మీ ఇంట్లో చెంచా కిందపడినా మాకు వినపడుతోంది. మేం ఎంత కొట్టినా నీకు వినపడలేదు గానీ. శనివారం సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చి పురిటిగదిలో పక్కబట్టలు తీస్తూ, నువ్వు మీ ఆయనతో అన్న ప్రతి మాటా విన్నాను. పక్కన కూర్చుని చెప్పినట్టు వినపడింది."

చప్పుడు కూడా వణుకేనంటూ పెట్టెల్లో ఫోన్లు మోగించి నవ్విన శశిరేఖ గుర్తొచ్చింది పరిమళకి.

"మర్నాడు పొద్దున నా మతి సంగతి అడగడానికి రాలేదు నేను. నీ అంతట నువ్వే చెబుతావేమో, నీకొక అదను ఇద్దామని వచ్చాను. ఇన్నేళ్ళుగా చూస్తున్నా కదా నిన్ను, కాపురానికొచ్చిన నాటి నుంచీ. చెబుతావనే అనుకున్నా." ఆవిడ పిల్లాడిని భుజం మీద వేసుకుంది. "నాలుగు రోజులు మాటపడితే పోయేదేముందన్నావు. నీ పుణ్యాన మూడు రోజులతో సరిపోయింది."

లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ సాయంత్రమే పరిమళ, వాసుదేవ్ కలిసి పొరంతా పీకేశారు. సున్నం పెచ్చులు కూడా ఊడొచ్చాయి. చీకటి పడేలోపే గది సందులో అన్ని గదుల్లాగా వేడెక్కింది. పిల్లి ఒకసారి గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి, వెళ్ళిపోయింది. ఝాన్సీ ఏలూరు వెళ్ళలేదు. గోడకి అవతల పిల్లాడు గుక్కపట్టి ఏడవడం, మాణిక్యమ్మ జోకొడుతూ ఏదో చెప్పడం ఇప్పుడు స్పష్టంగా వినపడుతున్నాయి.

పరిమళ వంటింట్లోంచి గరిటె తెచ్చుకుంది. గోడ దగ్గర నిలబడింది. కొట్టడానికి చెయ్యి రాలేదు. అటు నుంచి కొడతారేమోనని చాలాసేపు చూసి, గరిటె కింద పెట్టేసింది.